పాటిగడ్డలు, పాడుబడ్డ ఊళ్లు: నల్గొండ, పాలమూరు ప్రాంతంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఏ ఊరి పొలిమేరకు వెళ్లినా ఒక ఎత్తైన గడ్డ, దాని మీద నాలుగు చింతచెట్లు, పక్కకు ఒరిగిన ఒక వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) కనిపిస్తాయి. "అది పాత ఊరు" అని పెద్దవాళ్లు ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఆ మాట విన్నాక ఎవరికైనా వచ్చే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి. ఏటా ఇలాంటి గడ్డలు ట్రాక్టర్లలోకి ఎక్కి పోతున్నాయి కాబట్టి కొన్ని జవాబులు కాస్త గట్టిగానే ఉంటాయి.

మా ఊరి పక్కన గడ్డను అందరూ పాటిగడ్డ అంటారు. అది నిజంగా పాత ఊరేనా?

చాలావరకు అవును. మనుషులు ఒకే చోట తరతరాలుగా బతికితే నేల పైకి లేస్తుంది. మట్టిగోడ కూలుతుంది, దాన్ని చదును చేసి అక్కడే కొత్త గోడ పెడతారు. పొయ్యి బూడిద, పేడ, పొట్టు, పగిలిన కుండలు, ఎముకలు అన్నీ అక్కడే పడతాయి. కొన్ని వందల ఏళ్లకు ఆ చోటు చుట్టూ ఉన్న చెలక కన్నా మనిషెత్తు పైకి వస్తుంది.

గుర్తుపట్టాలంటే వాన పడ్డ మర్నాడు వెళ్లండి. దుమ్ము కొట్టుకుపోయి పెంకులు కడిగి పెట్టినట్టు బయటపడతాయి. మొరం దిబ్బ మీద గులకరాళ్లు తప్ప ఏమీ ఉండవు. పాటి నేల బూడిద రంగులో ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే పిండిలా జారుతుంది. చుట్టూ ఎర్ర చెలక ఉండి ఈ ఒక్క చోటే నేల రంగు మారితే ఇక అనుమానం అక్కర్లేదు.

ఎక్కడైనా జేసీబీ ఆ గడ్డను నిలువునా కోసి ఉంటే, ఆ కోసిన ముఖం దగ్గర పది నిమిషాలు నిలబడండి. అడుగున తెల్లటి మొరం. దాని మీద చేతిమందంలో గట్టిగా అణిగిన ఎర్రమట్టి, అంటే ఎవరో అలికి, తొక్కి వాడిన ఇంటి నేల. దాని పైన సన్నటి నల్ల గీత, కాలిన పొట్టు. మళ్లీ బూడిద, అందులో ఓ కుండ అంచు అడ్డంగా ఇరుక్కుని ఉంటుంది. మళ్లీ ఇంకో ఇంటి నేల. కింద ఉన్నది ముందు కాలం, పైన ఉన్నది తర్వాతి కాలం. మన దగ్గర చదువు రాని మనుషుల చరిత్ర ఉన్నది ఈ పొరల్లోనే.

కుమ్మరులు కుండలు కాల్చిన చోట కూడా బూడిద, పెంకులు ఉంటాయి. కానీ అక్కడ పెంకులు మరీ మాడిపోయి, వంకరపోయి ఉంటాయి. గాజు ముక్కలు, ఎముకలు, తిరగలి రాళ్లు లాంటివి అంతగా కనపడవు.

మనుషులే లేరు, కానీ రెవెన్యూ రికార్డులో ఊరు ఉంది. ఇదెలా?

వాటిని బేచిరాక్ గ్రామాలు అంటారు. ఇళ్లు లేవు, సర్వే నంబర్లు, పట్టాలు, శిస్తు అన్నీ ఉన్నాయి. ఊరు ఖాళీ అయినా భూమి సాగులోనే ఉంటే సర్కారుకు శిస్తు రావాలి కాబట్టి పేరు తీసేయలేదు. నిజాం కాలపు సేత్వార్ అనే భూ రికార్డులో, 1954-55 ఖాస్రా పహాణీలో, గ్రామ నక్షాలో ఆ పేరు అలాగే కొనసాగింది. పాత ఊళ్లు వెతికేవాళ్లకు ఈ కాగితాలంత మేలు చేసేది మరొకటి లేదు.

అన్ని పాత ఊళ్లూ బేచిరాక్ కావు. సర్వే మొదలయ్యే నాటికే మరుగున పడిపోయినవి పక్క ఊరి శివారులో కలిసిపోయాయి. వాటి పేరు పాటి చెలక, పాతూరు బావి అని పొలాల పేర్లలో మాత్రమే మిగిలి ఉంటుంది.

ఊళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి?

ఒక్కో ఊరిది ఒక్కో కథ. అయినా మా ప్రాంతంలో మొదట చూడాల్సింది చెరువు కట్ట. కృష్ణ పెద్ద నదే, కానీ లోతుగా పారుతుంది. ప్రాజెక్టులు, లిఫ్టులు రాకముందు ఆ నీళ్లు చెలకల దాకా ఎక్కేవి కావు. వాన తక్కువ, అదీ నాలుగు నెలల్లోనే. అందుకే ఊరు బతికేది చెరువు మీద. పానగల్లు నుంచి ఏలిన కందూరు చోడులు, కాకతీయులు, వాళ్ల సామంతులు ఊరు కట్టించినప్పుడల్లా చెరువు తవ్వించింది ఇందుకే. కట్ట తెగిన ఏడాది పంట పోతుంది. దాన్ని మళ్లీ కట్టించే దొర, గుడి, డబ్బు లేకపోతే రెండేళ్లలో రైతులు నీళ్లున్న ఊరికి కదిలిపోతారు. మీ పాటిగడ్డకు ఎగువన తెగిన కట్ట ఉందేమో ముందు చూడండి. చాలాసార్లు కారణం అక్కడే కనపడుతుంది.

తర్వాతిది కరువు, రోగం. 1630-32 దక్కను కరువు, 1876-78 నాటి పెద్ద కరువు ఊళ్లకు ఊళ్లనే కదిలించాయి. కరువు వెనకాలే గత్తర, అంటే కలరా వచ్చేది. గత్తర తగిలిన చోటును వదిలి ఎగువకు పోయి గుడిసెలు వేసుకున్నామని చెప్పే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

యుద్ధాల సంగతీ తక్కువ కాదు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ఈ నేల మీద రేచర్ల పద్మనాయకులు, బహమనీలు, కొండవీటి రెడ్లు, విజయనగర రాజులు వంద ఏళ్లకు పైగా తలపడ్డారు. కృష్ణ, తుంగభద్రల మధ్యనున్న రాయచూరు అంతర్వేదికి ఆనుకుని ఉన్న గద్వాల, అలంపురం వైపు సైన్యాలు వచ్చిపోని తరం లేదు. సైన్యం నడిచిన దారిలో గడ్డి, గింజ, గొడ్డు మిగలవు.

అయితే ఎక్కువ ఊళ్లు నిజానికి చావలేదు, జరిగాయి. బాట మారితే బాట పక్కకు, బావి ఎండితే నీటి దగ్గరికి, దొర గడి కట్టిస్తే దాని చుట్టూకి. పాత చోటుకూ కొత్త చోటుకూ మధ్య దూరం చాలాచోట్ల కిలోమీటరు కూడా ఉండదు.

"రాత్రికి రాత్రే ఊరు ఖాళీ అయింది" అనే కథలు మాత్రం ఆచితూచి నమ్మండి. దూలాలు, గడపలు, తలుపులు మోసుకెళ్లగలిగారంటే తీరిగ్గానే వెళ్లినట్టు. నిజంగా ఒక్క రాత్రిలో పారిపోయిన చోట వస్తువులు ఎక్కడివక్కడే దొరుకుతాయి, ఇంటి నేల మీద కాలిన దూలాల బొగ్గు ఉంటుంది.

ఊరు పోయాక ఏమేం మిగులుతాయి?

గోడలు మట్టివి కాబట్టి మళ్లీ మట్టిలో కలిసిపోతాయి. మిగిలేవి రాయి, కాల్చిన మట్టి, ఇనుము, గుంతలు, చెట్లు, దేవుళ్లు.

ముందుగా గుడి చూడండి. చేన్ల మధ్య ఒంటరిగా ఉన్న శివాలయం అడవిలో కట్టింది కాదు. దీపానికి నూనె ఇచ్చే గానుగ, పూలు తెచ్చే తోట, నైవేద్యానికి మడి ఉంటేనే గుడి నడిచేది. కాకతీయుల కాలపు శాసనాల్లో అఖండ దీపానికి గానుగలు, ఆవులు, గొర్రెలు ఇచ్చిన సంగతులు ఎన్నో. అంటే గుడి చుట్టూ ఎక్కడో తెలికలవాళ్లు, గొల్లలు, రైతుల ఇళ్లు ఉండాల్సిందే. గుడికి నాలుగు వైపులా ఓ ఫర్లాంగు నడిస్తే పెంకులు మొదలవుతాయి.

ఇక పరుపు బండలు. నేలలో పరుచుకున్న బండ మీద గుండ్రటి గుంత కనపడితే అందులో చెయ్యి పెట్టి తిప్పి చూడండి. వానకు, ఎండకు బండ దానంతటదే అరిగి ఏర్పడిన గుంత సాధారణంగా గరుగ్గా ఉంటుంది. రోకలి పోట్లతో ఏర్పడిన రోలు లోపల అద్దంలా నున్నగా, అంచు దగ్గర కాస్త పలచగా అరిగి ఉంటుంది. ఒకే బండ మీద నాలుగైదు రోళ్లు వరుసగా ఉంటే అక్కడ ఆడవాళ్లు కలిసి కూర్చుని దంచుకున్నారన్నమాట. ఏ రాజు గురించి చెప్పే శాసనం కన్నా నాకు ఈ రోళ్లంటేనే ఎక్కువ ఇష్టం.

ఇనుప చిట్టెం ఇంకో గుర్తు. నల్లగా, బుడగలు బుడగలుగా, చూస్తే రాయిలాగే ఉండి చేతికి బరువుగా తగిలే ముద్దలు. ఇనుము కరిగించిన చోటో, కమ్మరి కొలిమి ఉన్న చోటో అవి కుప్పగా పడి ఉంటాయి. ఊరికి ఏ వైపున కమ్మరివాడ ఉందో కూడా అవే చెబుతాయి.

వీరగల్లు, నాగశిల, బండ మీద చెక్కిన ఆంజనేయుడు, భైరవుడు, మెట్లబావి, జొన్నలు పోసుకున్న పాతర, కూలిన బురుజు, బండ్లు నడిచి నడిచి లోతైన పాత బాట, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. చింత, వేప, రావి గుంపుగా ఉన్న చోట కూడా ఒకసారి తిరిగి చూడాలి.

ఊరు మారినా పాత చోట ఉన్న పోచమ్మకే బోనం ఎందుకు తీసుకెళ్తారు?

ఇళ్లు మార్చినంత సులువుగా గ్రామదేవతను మార్చరు. కొత్త ఊరికి నడుమ కొత్త బొడ్రాయి వేసుకుంటారు, కానీ చాలాచోట్ల పోచమ్మ, మైసమ్మ, బీరప్ప పాత జాగలోనే ఉంటారు. బోనాల ఊరేగింపు ఏ దారిన వెళ్తుందో, ఎక్కడ ఆగుతుందో గమనించండి. పాత ఊరి గవిని, అంటే ఊరి ద్వారం ఎక్కడుండేదో, ఊరు ఎంతవరకు ఉండేదో ఆ దారి చెప్పేస్తుంది.

పెంకును చూసి ఏ కాలందో చెప్పొచ్చా?

ఒక్క పెంకుతో చెప్పలేం, ఓ యాభై చూస్తే ఉజ్జాయింపుగా చెప్పొచ్చు. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న నున్నటి పెంకులు బాగా పాతవి, పెద్దరాళ్ల సమాధుల కాలం నుంచి శాతవాహనుల దాకా వస్తాయి. మూరెడు పొడవు, జానెడు వెడల్పు ఉండే పెద్ద ఇటుకలు శాతవాహన, ఇక్ష్వాకుల నాటివి. మధ్యయుగపు గడ్డల మీద మామూలు ఎర్ర పెంకులు, మసి పట్టిన వంటకుండల అంచులు, రంగురంగుల గాజు ముక్కలు ఎక్కువ.

బాగా పనికొచ్చే గుర్తు ఒకటుంది. మట్టి చిలుం ముక్కలు. పొగాకు మన దేశానికి పోర్చుగీసుల ద్వారా వచ్చి, దక్కనులో 1600 ప్రాంతం నుంచే వ్యాపించింది. కాబట్టి పొగ తాగిన చిలుం ముక్క పై పొరలో దొరికితే ఆ ఊరు 1600 తర్వాత, అంటే కుతుబ్‌షాహీల కాలంలోనో, ఆ తర్వాత కూడానో ఉన్నట్టే. గడ్డంతా తిరిగినా ఒక్కటీ దొరక్కపోతే అంతకు ముందే ఖాళీ అయి ఉండొచ్చు.

చేనులో ఒక రాతి మీద అక్షరాలున్నాయి. ఏం చేయాలి?

ముందు ఏం చేయకూడదో చెబుతాను. సున్నం పూయొద్దు, ఎనామిల్ పెయింట్ వేయొద్దు, నూనె, పసుపు రుద్దొద్దు, మేకుతో అక్షరాల్లో మట్టి గీకొద్దు. భక్తితో పూసిన సున్నం కింద చదవలేకుండా పోయిన శాసనాలు మన జిల్లాల్లో ఎన్నో. మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పొద్దున్నే లేదా సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. మిట్టమధ్యాహ్నం తీస్తే అక్షరం కనపడదు. రాత్రిపూట పక్క నుంచి టార్చి వేసి తీసినా బాగా వస్తుంది.

పైభాగంలో సూర్యుడు, చంద్రుడు ఉంటే చాలావరకు దానశాసనం. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం చెల్లుతుందని దాని అర్థం. శివలింగం, నంది, ఆవూ దూడా, కత్తి కూడా ఉండొచ్చు. చివర్లో "స్వదత్తాం పరదత్తాం వా" అని మొదలయ్యే శ్లోకం తరచుగా వస్తుంది. తాను ఇచ్చిన భూమినైనా, ఇతరులు ఇచ్చిన భూమినైనా లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శాపం.

తేదీ శక సంవత్సరంలో ఉంటే 78 కలపండి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి శాసనాల్లో శకం 1117 అంటే 1195, శకం 1130 అంటే 1208. పాలమూరు వైపు కన్నడ భాషలో ఉన్న శాసనాలు కూడా చాలా ఉన్నాయి, కల్యాణి చాళుక్యుల పాలన అక్కడిదాకా ఉంది కాబట్టి. వాటిలో చాళుక్య విక్రమ శకం వాడతారు. అది 1076లో మొదలైంది, అందుకని ఆ అంకెకు 1075 కలపాలి.

పాత ఊళ్ల కోసం వెతికేవాళ్లు శాసనంలో రాజు పేరు దగ్గరే ఆగిపోవద్దు. అసలు సరుకు పొలిమేరల దగ్గర ఉంటుంది. తూర్పున ఫలానా ఊరి పొలిమేర, దక్షిణాన ఫలానా చెరువు, పడమట పుట్ట, ఉత్తరాన వాగు అని రాసి ఉంటుంది. ఆ ఊరి పేర్లలో ఇప్పుడు లేనిది ఏదైనా ఉంటే మీరు వెతుకుతున్న గడ్డ పేరు అదే కావచ్చు. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసనాలను పురావస్తు శాఖ సంపుటాలుగా అచ్చు వేసింది. మీ ఊరి రాయి అందులో ఇప్పటికే ఉందేమో చూసుకోండి.

రాక్షసగుళ్లు కూడా పాత ఊళ్లేనా?

కావు. రాళ్లు గుండ్రంగా పేర్చి మధ్యలో బండ కప్పినవి సమాధులు, మధ్యయుగం కన్నా వెయ్యేళ్లకు పైగా ముందువి. నారాయణపేట జిల్లా ముడుమాల దగ్గర కృష్ణ ఒడ్డున నిలబెట్టిన పెద్ద రాళ్లు కూడా ఆ కాలానివే.

చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

మొదట రాచకొండ. సంస్థాన్ నారాయణపురం వైపు గుట్టల్లో ఉంది. రేచర్ల పద్మనాయకుల రాజధాని ఇది. సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరం రాసిన కాలంలో పండితులతో, సైనికులతో, వ్యాపారులతో నిండిన పట్నం. పదిహేనో శతాబ్దంలో బహమనీల చేతికి చిక్కాక మళ్లీ కోలుకోలేదు. సున్నం లేకుండా పెద్ద పెద్ద రాళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు, ద్వారాలు, గుడులు, చెరువులు పొదల మధ్య ఉన్నాయి. గోడ చూసి వెనక్కి రాకండి. గోడ లోపల చదునుగా ఉన్న నేల మీద కాస్త తిరగండి, జనం ఉన్నది అక్కడే.

రామన్నపేట దగ్గరి తుమ్మలగూడెం ఇంకా పాత కథ. విష్ణుకుండినుల రాగి రేకులు అక్కడ దొరికాయి. వాటిలో ఒకదాని తేదీ శకం 488, అంటే 566. ఇంద్రపాలనగరం అంటూ పిలిచిన పట్నం అక్కడి గుట్ట చుట్టూ ఉండేది.

జడ్చర్ల దగ్గర ఆల్వాన్‌పల్లి చేలలో గొల్లత్తగుడి ఉంది. ఎత్తుగా, పూర్తిగా ఇటుకతో కట్టిన జైన ఆలయం. రాతి గుళ్లు అడుగడుగునా ఉన్న నేల మీద ఇటుక గుడి ఇంతకాలం నిలవడమే గొప్ప. దాన్ని పోషించిన జైనులు, వాళ్ల ఊరు ఇప్పుడు లేవు. ఆ ప్రాంతపు విగ్రహాలు చూడాలంటే మహబూబ్‌నగర్‌లో పెద్ద మర్రి ఉన్న పిల్లలమర్రి మ్యూజియానికి వెళ్లండి. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి వేరు, శాసనాలు, రేచర్ల రెడ్ల గుడులు ఉన్నది అక్కడ. రెండింటినీ కలిపేసుకుని ఒకచోటికి బయల్దేరి ఇంకోచోటికి వెళ్లేవాళ్లు ఉంటారు.

పానగల్లుది దీనికి తిరగబడ్డ కథ. కందూరు చోడుల రాజధాని ఇప్పుడు నల్గొండ టౌన్‌లో కలిసిపోయింది. కానీ వాళ్లు తవ్వించిన ఉదయసముద్రం నేడు రిజర్వాయరుగా మారి ఇంకా నీళ్లిస్తోంది. ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం, పక్కనే మ్యూజియం, అన్నీ ఒక పూటలో చూడొచ్చు.

ప్రాజెక్టుల కింద మునిగినవి కూడా ఇందులోకి వస్తాయా?

వస్తాయి. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. నీళ్లు నిండకముందు పాత దేవరకొండ తాలూకాలోని ఏలేశ్వరంలో తవ్వకాలు చేశారు. పెద్దరాళ్ల సమాధుల నుంచి ఇక్ష్వాకుల మీదుగా మధ్యయుగం దాకా పొరలు అక్కడ బయటపడ్డాయి. ఇప్పుడు అదంతా నీటి కింద ఉంది. 1980ల మొదట్లో శ్రీశైలం నిండినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కలిపి వందకు పైగా ఊళ్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో నిలబెట్టారు. గుడిని విప్పి తీసుకెళ్లగలిగారు, దాని చుట్టూ ఉన్న ఇళ్లు, పశువుల కొట్టాలు, వాడల పేర్లు నీళ్లలోనే ఉండిపోయాయి.

ఆ ఊళ్లలో పుట్టినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఎవరి ఇల్లు ఎక్కడ, ఏ బావి నీళ్లు తియ్యన, ఏ వాడ మొదట మునిగింది అనేది వాళ్లకు తెలుసు. కొల్లాపూర్, అలంపురం వైపు మీకు చుట్టాలుంటే ఈ వేసవిలోనే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి.

వేరే దేశాల్లో ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి. ఇంగ్లండ్‌లో మధ్యయుగంలో ఖాళీ అయిన ఊళ్లు సుమారు 3,000 గుర్తించారు. యార్క్‌షైర్‌లోని వారమ్ పర్సీ అనే ఊరిలో 1950 నుంచి 1990 దాకా ప్రతి వేసవీ తవ్వారు. అక్కడ చివరి కుటుంబాలను 1500 ప్రాంతంలో గొర్రెల మేత కోసం వెళ్లగొట్టారు. 1348-49 నాటి ప్లేగుతోనే ఊళ్లన్నీ పోయాయని ముందు అనుకున్నారు, తవ్వకాలు ఆ మాటను మార్చేశాయి. మన దగ్గర ఇలా ఒక్క మామూలు పల్లెను పట్టుకుని నలభై ఏళ్లు తవ్వినవాళ్లు లేరు. గుడి ఉంటేనో, స్తూపం ఉంటేనో తవ్వుతారు. రైతు ఇల్లు ఎలా ఉండేదో తెలుసుకోవాలని తవ్వే రోజు రావాలని నా కోరిక.

పాటిమన్ను చేనుకు కొట్టుకోవచ్చా? అందరూ కొట్టుకుంటున్నారు కదా.

రైతుగా మీ అవసరం అర్థమవుతుంది. ఆ మట్టిలో తరాల బూడిద, పేడ, ఎముకలు కలిసి ఉన్నాయి కాబట్టి భాస్వరం, పొటాష్, సున్నం దండిగా ఉంటాయి. పంటకు మంచిదే. మన తాతలు కూడా బండ్ల మీద తోలుకున్నారు.

అప్పటికీ ఇప్పటికీ తేడా జేసీబీ. ఎడ్లబండితో ఒక మూల తీస్తే గడ్డ మిగిలేది. ఇప్పుడు ఐదారు రోజుల్లో నేలమట్టం అవుతుంది. ఆ ఎరువు మూడు నాలుగు పంటలకు అయిపోతుంది, పోయిన పొరలు మళ్లీ పేరుకోవు. చెరువు పూడిక మట్టి, పశువుల ఎరువు దొరికే చోట పాటిగడ్డ జోలికి పోకండి. ఇప్పటికే తవ్వుతుంటే, కనీసం మధ్యలో పది గజాల ముక్క ముట్టకుండా వదిలేయండి. రేపు ఎవరైనా చదవాలన్నా చదవడానికి అదొక్కటే ఉంటుంది.

లంకెబిందెలు దొరుకుతాయా? దొరికితే ఎవరివి?

గుప్తనిధుల పిచ్చితో మన జిల్లాల్లో నందులను పగలగొట్టారు, లింగాలను పెకిలించారు, వీరగల్లుల కింద గోతులు తవ్వారు. మామూలు పల్లెలో బంగారం పాతిపెట్టుకునేంత కలిగినవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించండి. వెళ్లేవాళ్లు గరిటెను కూడా వదలకుండా తీసుకెళ్లారు, బంగారాన్ని వదిలేస్తారా?

దున్నుతుంటే నిజంగా ఏదైనా దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలి. హక్కుదారు ఎవరూ తేలకపోతే, భూమి యజమానితో వేరే ఒప్పందం లేనప్పుడు నాలుగు వంతుల్లో దొరికినవాళ్లకు మూడు, భూమి యజమానికి ఒకటి వస్తుంది. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు. భయపడి కరిగించేవాళ్లకు ఈ సంగతి తెలియాలనే ఇంత వివరంగా చెబుతున్నాను. కరిగించిన నాణెంలో బంగారం ధర తప్ప ఏమీ ఉండదు.

విగ్రహాన్ని ఊళ్లోకి తెచ్చి గుడి కట్టుకోవచ్చా?

దొంగల భయం ఉంటే తేవాలనిపించడం సహజం. ముందు మండల తహసీల్దారుకు, రాష్ట్ర పురావస్తు శాఖకు తెలియజేయండి. వందేళ్లు దాటిన శిల్పం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. వాళ్లు వచ్చేలోపు అది ఉన్న చోటనే అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసి, ఫోన్ మ్యాప్‌లో ఆ చోటును సేవ్ చేయండి. ఏ దిక్కుకు తిరిగి ఉందో, ఎంత లోతులో ఉందో, పక్కన ఏం ఉన్నాయో రాసుకోండి. చోటు తెలియని విగ్రహం మ్యూజియంలో ఉన్నా అది ఏ ఊరిదో ఎవరూ చెప్పలేరు.

మా పాత ఊరి గురించి రాసిపెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రామ నక్షా కాపీ ఒకటి తీసుకోండి. ఊళ్లో అందరికన్నా పెద్దవాళ్లతో, ముఖ్యంగా గొర్రెలు కాసినవాళ్లతో, ఆ నక్షా మీద ప్రతి పొలం పేరు చెప్పించుకోండి. చేను చేనుకూ తిరిగినవాళ్లు కాబట్టి పూడిపోయిన బావి కూడా వాళ్లకు గుర్తుంటుంది. తర్వాత ఎండాకాలం కోతలయ్యాక, నేల ఖాళీగా ఉన్నప్పుడు ఓ ఇద్దరు కలిసి గడ్డంతా గీతలు గీసినట్టు అటూ ఇటూ నడవండి. పెంకులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో నక్షా మీద గుర్తు పెట్టండి, పెంకులు మాత్రం ఇంటికి తేవద్దు. కాగితం మీద తేదీ, సర్వే నంబరు వేసి ఒక కాపీ పంచాయతీ ఆఫీసులో, ఇంకో కాపీ ఊరి స్కూల్లో ఇవ్వండి.